నలభై ఎనిమిదో మనిషి

కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. బడిలో ఒక పూట ఒకే బల్ల మీద ఉన్న పాపాన పోలేదు. ఇంట్లో నా పేరు కాలు కాలిన పిల్లి. ముప్పై ఒక్క ఏళ్ళుగా నేను చేస్తున్న పని కూడా నాకు తగినదే. ఒకదాన్ని చూసి తర్వాతిది ఏమిటో ఎవరూ చెప్పలేని అంకెల్ని తయారుచేస్తాను. యాదృచ్ఛిక సంఖ్యలని పుస్తకాల్లో రాస్తారు. మా తమ్ముడు మాత్రం వాటిని పిచ్చి అంకెలంటాడు.

తమ్ముడిది గడియారాల రిపేరు దుకాణం. "నేను అన్నీ సరిగ్గా నడిచేలా చూస్తాను, మా అక్క ఏదీ సరిగ్గా నడవకుండా చూస్తుంది. ఇద్దరికీ పని దొరుకుతూనే ఉంది, లోకం మంచిదండీ" అని దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు. ఈ మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్న ప్రతిసారీ ఒళ్ళు మండుతుంది, నవ్వూ వస్తుంది.

నా ఇరవై ఏడో ఏట, అప్పట్లో అందరూ వాడుతున్న ఒక అంకెల ప్రోగ్రాములో తప్పు పట్టుకున్నాను. దాని నుంచి వచ్చే అంకెల్ని మూడేసి చొప్పున పొడవు, వెడల్పు, ఎత్తుగా తీసుకుని ఒక గదిలో చుక్కలుగా పెట్టామనుకోండి, చుక్కలు గదంతా చెదిరిపోయి ఉండాలి. అవి అలా లేవు. బీరువాలో మడిచి సర్దిన బట్టల్లా వరసలు కట్టి నిలబడ్డాయి. దాని మీద రాసిన వ్యాసంతో నాకు ఉద్యోగం, పేరు, శత్రువులు ఒకేసారి వచ్చాయి. కుర్ర పరిశోధకులు నా వెనక పాచికలక్క అని పిలవడం మొదలుపెట్టారు. తర్వాత నా సొంత పద్ధతి ఒకటి కనిపెట్టాను. దాని గొప్పంతా ఒక్కటే: కాగితం, పెన్సిలు ఉంటే ఎవరైనా లెక్క కట్టి సరిచూసుకోవచ్చు. ఒక అంకెతో మొదలుపెట్టాలి. దాన్ని ఒక పెద్ద సంఖ్యతో గుణించి, ఇంకో పెద్ద సంఖ్యతో భాగించాలి. మిగిలిన శేషమే తర్వాతి అంకె. మళ్ళీ దానితో అలాగే. వచ్చే అంకెలు ఎంత పిచ్చిగా ఉంటాయంటే, ముప్పై రకాల పరీక్షలు పెట్టినా వాటిలో ఒక పద్ధతంటూ దొరకలేదు.

అయితే మొదలుపెట్టిన అంకె తెలిసినవాడికి అన్నీ తెలిసినట్టే. దాన్ని మేము సీడ్ అంటాం. అందుకే నేనే ఒక నియమం పెట్టాను. సీడ్ ఎప్పుడూ మనిషి బుర్రలోంచి రాకూడదు. ఇద్దరు సాక్షుల ముందు పది ముఖాల పాచికను ఎనిమిదిసార్లు వేయాలి, వచ్చిన ఎనిమిది అంకెలూ కవరులో పెట్టి సీలు వేయాలి. మనుషులు అంకె ఎంచుకోమంటే పుట్టినరోజులూ పెళ్ళిరోజులూ ఎంచుకుంటారని ఎన్ని సభల్లో వెక్కిరించానో.

రెండున్నరేళ్ళ కిందట ఒక శనివారం, ఆసుపత్రి నుంచి వాళ్ళ గణాంకాల నిపుణుడు వచ్చాడు. చేతి వణుకు జబ్బుకి కొత్త మందును పరీక్షిస్తున్నారు. రెండు వందల మంది రోగుల్లో ఎవరికి అసలు మందు, ఎవరికి మందు లేని ఉత్త బిళ్ళ అన్నది పిచ్చి అంకెలే తేల్చాలి. రోగికీ తెలియకూడదు, డాక్టరుకీ తెలియకూడదు. ఆ జాబితా నేను తయారుచేయాలి. ఆ రోజు నా సాక్షుల్లో ఒకరు సెలవు, ఇంకొకరికి జ్వరం. ప్రోగ్రాము నడుస్తుందో లేదో చూడటానికి, ఎప్పుడూ పరీక్షలకి వాడే అంకె వేసి నడిపాను. సోమవారం పాచిక వేసి అసలు జాబితా తీద్దామనుకున్నాను. ఆయనకేమో తొందర. రైలు టైమవుతోందంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ జాబితానే కవరులో పెట్టి ఇచ్చేశాను. ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఆ ఏడాది మొత్తం పదహారు జాబితాలు తీశాను, మిగతావన్నీ పాచిక వేసే. ఈ సంగతి నిజంగానే మర్చిపోయాను.

తమ్ముడి కుడిచెయ్యి వణకడం మొదలైంది ఆ తర్వాత ఏడాదిన్నరకి. మొదట పట్టకారులోంచి ఒక స్క్రూ జారింది. మిరియం గింజలో పదో వంతు ఉండే స్క్రూ అది. నేల మీద పాకుతూ గంటసేపు వెతికాడట. వారం తిరక్కుండా రోజూ అదే తంతు అయింది. ఇప్పుడు స్క్రూలు మా మరదలు తిప్పుతోంది. పక్కన కూర్చుని వీడు చెబుతుంటాడు, కంటికి భూతద్దం పెట్టుకుని ఆమె చేస్తుంటుంది. ఆమె నెమ్మదస్తురాలు, నేర్చుకుంటోంది. కానీ గడియారం గుండెలో తిరిగే సన్నని చక్రం జోలికి వెళ్ళదు. అది వాడు చేయాల్సిందే. ఆ పని ఉన్న గడియారాలన్నీ ఒక సొరుగులో పడుకుని ఉన్నాయి.

వాడు ఆ మందు పరీక్షలో చేరి ఏడు నెలలైంది. చేరినప్పుడు నేను అడ్డు చెప్పలేదు. జాబితా సీలు వేసి ఉంది, నాకేం తెలుసు అనుకున్నాను. నెలకోసారి ఆసుపత్రిలో గంటలకొద్దీ కూర్చోబెట్టి చేతి వణుకు కొలుస్తారు. ఈసారి మరదలికి దుకాణం వదిలి రావడం కుదరక నేను తోడు వెళ్ళాను.

లిఫ్టు ముందు నిలబడి ఉన్నప్పుడు, "కార్డు పట్టుకో అక్కా, పడేస్తానేమో" అని నా చేతికిచ్చాడు. కార్డు మీద పేరుంది. పరీక్షలో వాడి సంఖ్య నలభై ఎనిమిది అనుంది. దాని కింద పుట్టిన తేదీ. మధ్యలో గీతలు, చుక్కలు ఏమీ లేకుండా ఎనిమిది అంకెలు వరసగా.

ప్రోగ్రాము నడుస్తుందో లేదో చూడటానికి నేను వాడే అంకె అదే. ముప్పై ఏళ్ళుగా అదే. తమ్ముడు పుట్టిన రోజు నాకు ఆరేళ్ళు. నేను మొదటిసారి బట్టీ పట్టిన పెద్ద అంకె అది. ఆ శనివారం కవరులో వెళ్ళిన జాబితాకి సీడ్ కూడా అదే.

"ఏంటక్కా, నా వయసు చూసి భయపడ్డావా?" అన్నాడు తమ్ముడు.

"నోరు మూసుకుని లిఫ్టెక్కు" అన్నాను.

నర్సు వాడిని లోపలికి తీసుకెళ్ళింది. రెండు గంటలు పడుతుందని చెప్పింది. వసారాలో ఒక కుర్చీలో కూర్చున్నాను, లేచాను, ఇంకో కుర్చీలో కూర్చున్నాను. కిటికీ దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ మిషన్ దగ్గర రెండుసార్లు నీళ్ళు తాగాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, "టాయిలెట్ అటువైపమ్మా" అని దారి చూపించాడు. ఆయనకి దండం పెట్టి కింద క్యాంటీన్‌కి వెళ్ళిపోయాను.

వారం కిందట దుకాణంలో తమ్ముడు అన్న మాట చెవుల్లో తిరుగుతోంది. "నాకు ఉత్త బిళ్ళే పడి ఉండాలక్కా. చెయ్యేమో ఏం తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఉత్తదైతే పర్లేదు. పరీక్ష అయ్యాక ఉత్తది మింగినవాళ్ళందరికీ అసలు మందిస్తారట. అంటే నా మందు ఇంకా మిగిలే ఉన్నట్టు కదా." ఇది చెబుతున్నప్పుడు వాడి మొహంలో ఉన్న వెలుగు చూసి నేనూ అదే కోరుకున్నాను. వాడు ఈ ఏడు నెలలూ ఉత్త సున్నంబిళ్ళ మింగి ఉంటే బాగుండునని మనసారా కోరుకున్నాను.

క్యాంటీన్‌లో కాఫీ తెచ్చుకుని బల్ల మీద పెట్టుకున్నాను. సంచిలోంచి పెన్సిలు తీశాను. పెన్సిలు తియ్యడం తప్పేమీ కాదు. కాగితం కూడా తీశాను. యంత్రం మీద వేస్తే రెప్ప కొట్టేలోపు జాబితా మొత్తం బయటపడుతుంది. చేత్తో అయితే ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు. నలభై ఏడు దగ్గర ఆపేస్తాను. కవరులో వెళ్ళింది ఆ అంకేనా కాదా అన్న అనుమానంతో చస్తున్నాను, కాస్త చేతికి పని చెబితే మనసు కుదుటపడుతుంది. ఇలా నాకు నేను ఎన్ని చెప్పుకున్నానో. వేరే ఎవరైనా నా ముందు ఈ మాటలు చెప్పి ఉంటే ఉతికి ఆరేసేదాన్ని.

నియమం సులువైనదే. ప్రతి మనిషికీ ఒక సంఖ్య వస్తుంది. దాని మొదటి అంకె సున్నా నుంచి నాలుగు దాకా ఉంటే మందు, అయిదు నుంచి పైన ఉంటే ఉత్తది. నేను ఆ మొదటి అంకె మాత్రమే రాసుకుంటూ పోయాను. మందా, ఉత్తదా అని రాయలేదు. అలా రాయకపోతే చూడనట్టే అని నా తర్కం. ఒక్కో మెట్టుకి రెండు నిమిషాలు పట్టింది. కాఫీ చల్లారి మీద తొరక కట్టింది. గుణకారాలు చేస్తున్నంతసేపూ నా కాళ్ళు కూడా కదలలేదు. నా జన్మలో అంత కుదురుగా ఎప్పుడూ కూర్చోలేదేమో.

నలభై అయిదో మనిషికి రెండు వచ్చింది. నలభై ఆరుకి ఏడు. నలభై ఏడుకి ఎనిమిది. పెన్సిలు కింద పెట్టేశాను.

ఆపేశాను. ఇంకొక్క గుణకారం మిగిలింది, అది చేయలేదు. నా మీద నాకే గౌరవం కలిగింది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, చల్లటి కాఫీని అలాగే తాగేసి, మెట్లెక్కాను. లిఫ్టు కోసం నిలబడే ఓపిక లేదు.

రెండో అంతస్తు మలుపులో కాలు ఆగిపోయింది.

నలభై ఎనిమిది నాలుగుతో శేషం లేకుండా తెగుతుంది.

జాబితా ఉట్టి పిచ్చి అంకెలతో నడిస్తే, మొదటి యాభై మందిలో ముప్పై అయిదుగురికి మందు పడిపోవచ్చు, పరీక్ష పాడవుతుంది. అందుకని రోగుల్ని నలుగురు నలుగురిగా విడగొట్టి, ప్రతి నలుగురిలో ఇద్దరికి మందు, ఇద్దరికి ఉత్తది కచ్చితంగా వచ్చేలా చూస్తాం. ఇద్దరి వంతు నిండిపోయాక మిగిలినవాడికి ఏ అంకె వచ్చినా దాన్ని పట్టించుకోం. ఈ నలుగురి నియమం పెట్టమని ఆ గణాంకాల ఆయనతో మూడు ఉత్తరాల్లో పోట్లాడింది నేనే. నలభై అయిదు, నలభై ఆరు, నలభై ఏడు, నలభై ఎనిమిది. ఒక నలుగురు. రెండు అంటే మందు. ఏడు అంటే ఉత్తది. ఎనిమిది అన్నా ఉత్తదే. ఉత్త బిళ్ళలు రెండూ అయిపోయాయి.

నాలుగో మనిషికి మందే. ఏడు నెలలుగా అసలు మందే మింగుతున్నాడు.

అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. ఒక్క మనిషిని చూసి ఏ మందు గురించీ ఏదీ తేల్చలేమని ముప్పై ఒక్క ఏళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఆ మాట నాకు నేను చెప్పుకున్నాను. ఏమీ పని చేయలేదు. నాకు కనిపిస్తున్నదల్లా వాడి చెయ్యి, అంతకంతకూ పెరుగుతున్న ఆ వణుకు. ఏడుపు వచ్చింది. ఎవరో ఆయా నా పక్కనుంచి బకెట్‌తో దిగుతూ, "ఎవరైనా పోయారా అమ్మా?" అని అడిగింది. లేదని తల ఊపాను.

తమ్ముడు ఇంకా లోపలే ఉన్నాడు. నేను తిన్నగా పరీక్ష నడిపే పెద్ద డాక్టరు గదికి వెళ్ళాను. ఆవిడ నాకంటే చిన్నది, మాట ఆచితూచి మాట్లాడే మనిషి. నిలబడే మొత్తం చెప్పాను. పాచిక వేయలేదని, తమ్ముడి పుట్టిన తేదీ వేశానని, ఇప్పుడే కింద లెక్క కట్టానని.

"మీ తమ్ముడి వరకూ కట్టారా?"

"ఒక మెట్టు ముందు ఆపాను. కానీ నాలుగో మనిషి కాబట్టి తెలిసిపోయింది. వాడికి..."

ఆవిడ చెయ్యి ఎత్తింది. "వద్దు మేడమ్. ఏదన్నది నాకు చెప్పకండి. దయచేసి."

ఆవిడ కాసేపు బల్ల మీద ఉన్న కాగితాలు సర్దుతూ కూర్చుంది. సర్దడానికి అక్కడేమీ లేదు.

"ఇంకా చేరాల్సినవాళ్ళకి వేరే ఎవరితోనైనా కొత్త జాబితా తీయిస్తాం. ఇది పర్యవేక్షణ కమిటీకి రాయక తప్పదు. మీ సంస్థకి కూడా. మీకు ఇబ్బందవుతుంది."

"అవ్వాలి" అన్నాను.

"మీ తమ్ముడికి చెప్పారా?"

"లేదు."

"అయితే చెప్పకండి. తెలిస్తే ఆయన్ని పరీక్ష నుంచి తీసేయాలి, బిళ్ళలు ఆపేయాలి. ఇంకా అయిదు నెలలుంది. ఏ మందు ఎప్పుడు పని చేస్తుందో మనకి తెలియదు. ఆ అయిదు నెలలూ ఆయనకి పోగొట్టకండి." తలుపు తీస్తూ, "మీ మొహం మాత్రం కడుక్కుని వెళ్ళండి" అంది.

రెండు వారాల్లో సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. విచారణ ముగిసేదాకా నేను ఏ జాబితా మీదా సంతకం పెట్టకూడదు. గదిలో నా పది ముఖాల పాచికల పెట్టెను సొరుగులోంచి తీసి కొత్తగా వచ్చిన అమ్మాయికి అప్పగించాను. పుట్టినరోజులు వాడొద్దని చెప్పబోయి ఊరుకున్నాను. ఈపాటికి సంస్థ మొత్తానికీ తెలుసు. ముప్పై ఒక్క ఏళ్ళ పేరు పోవడానికి ఒక శనివారం చాలిందని నా మీద నాకు మండిపోయింది. కానీ నిజం చెప్పాలంటే ఆ మంట పై పైనే ఉంది. లోపల ఇంకొకటి తిరుగుతోంది. తమ్ముడి దుకాణం వైపు వెళ్ళడం మానేశాను. ఆ వీధి రాకుండా రెండు మలుపులు చుట్టు తిరిగి ఇంటికి వెళ్తున్నాను.

చివరికి మరదలే ఫోన్ చేసింది. "వదినా, మీ తమ్ముడు రోజూ అడుగుతున్నారు. మీకేదో ఉద్యోగంలో గొడవైందట కదా. ఒక్కసారి రండి."

మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. దుకాణంలో ఎప్పటిలాగే గోడ నిండా గడియారాలు, అన్నీ ఒకే టైము చూపిస్తున్నాయి. మరదలు బల్ల మీద వంగి ఏదో బిగిస్తోంది. తమ్ముడు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

"రావమ్మా పాచికలక్కా. ఏదో తప్పు చేశావట?"

"ఎవరు చెప్పారు?"

"ఆసుపత్రివాళ్ళు కాగితం పంపారు. జాబితా తయారీలో నియమం తప్పారు, మీ వరకు మార్పేమీ లేదు అని. ఆ జాబితా నువ్వు చేసిందేనా అక్కా?"

"నేను చేసిందే."

వాడు నన్ను చూసి నవ్వాడు. "అంటే నా తలరాత నువ్వే రాశావన్నమాట. ముందే చెబితే నీకు కాస్త కాఫీలు టీలు పోసేవాణ్ణి కదా."

మరదలు తలెత్తకుండానే, "ఊరుకోండి, ఆవిడ అసలే బాధలో ఉన్నారు" అంది.

నేను గోడ గడియారాల వైపు తిరిగి నిలబడ్డాను. నా వెనక వాడి గొంతు మారింది. "అక్కా. ఒక్కటి అడుగుతాను. నాది లెక్క కట్టావా?"

గడియారాల్లో ముళ్ళు కదులుతూ ఉన్నాయి. తిరిగి వాడి కళ్ళలోకి చూశాను. ఇంతవరకూ వాడికి ఒక్క అబద్ధం చెప్పలేదు. చిన్నప్పుడు వాడి బలపాలు విరగ్గొట్టినప్పుడు కూడా నేనే విరగ్గొట్టానని చెప్పాను.

"కట్టలేదు" అన్నాను. "నలభై ఏడు దగ్గర ఆపేశాను."

"నిజంగా?"

"నిజంగానే ఆపేశాను."

వాడు ఊపిరి వదిలాడు. "మంచి పని చేశావు. తెలుసుకుని మాత్రం ఏం చేస్తాం. ఉత్తదేలే, నాకు తెలుస్తోంది. లేకపోతే కొంచెమైనా తగ్గదా?"

"అవును" అన్నాను.

వాడి మనసు తేలికైంది. నా మణికట్టు వైపు చూశాడు. "ఆ గడియారం ఏమంటోంది? ఇంకా ముందుకి పరిగెడుతోందా?" అది నాకు ఉద్యోగం వచ్చినప్పుడు వాడు తన చేత్తో బాగుచేసి ఇచ్చిన పాత గడియారం. రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి వెళ్తోంది.

"నాలుగు నిమిషాలు."

"ఇటివ్వు. లోపలి చక్రం చూడాలి. ఇది మీ మరదలి వల్ల కాదు. నా చెయ్యి వచ్చాక నేనే చేస్తాను." గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నాడు. చెయ్యి వణికి అది చెవికి రెండుసార్లు తగిలింది. "కాస్త ఆలస్యమవుతుంది, పర్లేదా?"

"పర్లేదు."

సొరుగులోంచి చీటీల పుస్తకం తీశాడు. గడియారాలు తీసుకున్నప్పుడు తిరిగిచ్చే తేదీ వేసి, సగం చింపి ఇచ్చే చీటీలు అవి. పెన్ను పట్టుకోబోయి, మళ్ళీ నా ముందు పెట్టాడు.

"నువ్వే రాయక్కా. నేను రాస్తే నాకే అర్థం కాదు." వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. "పరీక్ష అయిపోవడానికి అయిదు నెలలనుకో. అసలు మందు మొదలుపెట్టాక ఒక రెండు నెలలు వేసుకో. చెయ్యి కుదుటపడాలి కదా. ఏడు నెలల తర్వాత, ఇదే తేదీ వెయ్యి."

పెన్ను తీసుకున్నాను. ఏడు నెలల తర్వాతి తేదీ, గీతలు లేకుండా, ఎనిమిది అంకెలు వరసగా రాశాను. నా చెయ్యి ఒక్క చోట కూడా వణకలేదు. వాడు చూసి బాగుందన్నాడు, చీటీని రెండుగా చింపమన్నాడు. చింపి, సగం వాడికిచ్చి, సగం నా సంచిలో పెట్టుకున్నాను.